వాచీ పోయి ఫోన్ వచ్చింది: షెర్లాక్ హోమ్స్‌కి మనసెప్పుడు పుట్టింది?

ఈరోజు ఎపిసోడ్ ఒక వాచీతో మొదలుపెడదాం.

1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవల, మొదటి అధ్యాయం. లండన్, బేకర్ స్ట్రీట్‌లో ఇల్లు. డాక్టర్ వాట్సన్‌కి తన ఫ్రెండ్ హోమ్స్‌కి ఒక పరీక్ష పెట్టాలనిపిస్తుంది. ఈమధ్యే తన చేతికొచ్చిన ఒక జేబు గడియారం తీసి, దీని పాత ఓనరు ఎలాంటివాడో చెప్పు చూద్దాం అంటాడు. ఏమీ చెప్పలేడులే అని లోపల ధీమా.

హోమ్స్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. తర్వాత మొదలుపెడతాడు. ఇది మీ అన్నయ్యది. మీ నాన్న నుంచి ఆయనకి వచ్చింది. ఆయన అజాగ్రత్త మనిషి, మంచి అవకాశాలుండి చేజార్చుకున్నాడు. చాలాకాలం ఇబ్బందులు పడ్డాడు, మధ్యమధ్యలో చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి, చివరికి తాగుడులో పడి చనిపోయాడు.

ఎలా తెలిసింది? వాచీ ఖరీదైనది, కానీ ఒళ్లంతా సొట్టలు, గీతలు. అంటే చిల్లరతో, తాళాలతో కలిపి ఒకే జేబులో పడేసేవాడు. మూత లోపల తాకట్టు కొట్టువాళ్లు గీసిన నంబర్లు నాలుగున్నాయి. అంటే తాకట్టు పెట్టాడు, విడిపించాడు, మళ్లీ పెట్టాడు. ఇక కీ ఇచ్చే రంధ్రం చుట్టూ లెక్కలేనన్ని గీతలు. తాగి చేతులు వణికే మనిషి రాత్రిపూట వాచీకి కీ ఇస్తుంటే, అది రంధ్రంలోకి పోకుండా చుట్టుపక్కలంతా గీరుకుంటుంది.

చదివే మనకి ఇది విజిల్ వేసే సీన్. వాట్సన్‌కి మాత్రం కాదు. కుర్చీలోంచి లేచి కుంటుకుంటూ గదిలో తిరుగుతాడు. మా అన్న సంగతి ముందే ఎక్కడో ఆరా తీసి, ఇప్పుడు వాచీలో కనిపించినట్టు నటిస్తున్నావా, ఇది నీకు తగని పని అంటాడు. హోమ్స్ క్షమించమంటాడు. దీన్నొక లెక్కలాగే చూశాను, నీకిది ఎంత నొప్పి కలిగించే విషయమో మర్చిపోయాను అని.

ఈ సీన్ గుర్తుపెట్టుకోండి. 120 ఏళ్ల తర్వాత ఇదే సీన్ ఫోన్‌తో మళ్లీ వస్తుంది. అప్పుడు ఏం మారిందో చూస్తే, స్క్రీన్ మీద హోమ్స్ ఎలా మారాడన్న కథలో సగం దొరికినట్టే. ముందే చెప్తున్నా, స్పాయిలర్స్ ఉంటాయి.

'మోడర్న్ షెర్లాక్' అనగానే చాలామందికి ఒక ఫీలింగ్ ఉంటుంది. అసలు హోమ్స్ అంటే గుర్రపు బండ్లు, గ్యాసు దీపాలు, పొగమంచు. దాన్ని ఈ కాలానికి తెచ్చినవాళ్లు ఏదో సాహసం చేశారు, లేదా పాడుచేశారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. 1887లో మొదటి నవల 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' అచ్చయినప్పుడు గుర్రపు బండి అంటే వాళ్లకి మన ఆటో లాంటిది. హోమ్స్ టెలిగ్రాములు కొడతాడు, రైలు టైమింగులు చూసుకుంటాడు, ఆ నవల్లో మొదటిసారి కనిపించేటప్పటికే ల్యాబ్‌లో రక్తాన్ని గుర్తుపట్టే కొత్త పరీక్ష కనిపెట్టి చిన్నపిల్లాడిలా గంతులేస్తుంటాడు. పాఠకుడి దృష్టిలో అతను పాతకాలం మనిషి కాదు. ఆ ఊళ్లో అందరికంటే అప్‌డేటెడ్ మనిషి.

సినిమావాళ్లు కూడా మొదట్లో అలాగే చూశారు. 1921 నుంచి 1923 వరకు బ్రిటన్‌లో స్టోల్ కంపెనీ ఎయిలీ నార్‌వుడ్ అనే నటుడితో 45 చిన్న మూకీ సినిమాలు, 2 పెద్ద సినిమాలు తీసింది. అందులో హోమ్స్ 1920ల లండన్‌లో తిరుగుతాడు, కార్లతో సహా. రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ అప్పటికి బతికే ఉన్నాడు. నార్‌వుడ్ నటన ఆయనకి తెగ నచ్చింది. 1924లో వచ్చిన ఆత్మకథలో ఒకే ఒక్క కంప్లయింట్ రాశాడు: ఈ టెలిఫోన్లు, మోటారు కార్లు ఎందుకు పెట్టారు, విక్టోరియా కాలం హోమ్స్ వీటిని కలలో కూడా ఎరగడు అని. భలే విషయం ఏంటంటే, సరిగ్గా అదే ఏడాది డాయిల్ రాసిన 'ది త్రీ గారిడెబ్స్' కథలో బేకర్ స్ట్రీట్ టేబుల్ మీద టెలిఫోన్ డైరెక్టరీ ఉంటుంది. సార్ మర్చిపోయినట్టున్నారు. ఆ కథ దగ్గరికి చివర్లో మళ్లీ వద్దాం.

1939లో ఫాక్స్ కంపెనీ బాసిల్ రాత్‌బోన్‌తో రెండు సినిమాలు తీసింది, అవి విక్టోరియా కాలంలోనే. తర్వాత యూనివర్సల్ కంపెనీ చేతికి వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. 1942లో వచ్చిన 'వాయిస్ ఆఫ్ టెర్రర్'లో హోమ్స్ ఏకంగా నాజీ గూఢచారుల వెంట పడతాడు. ఆ సినిమాలో చిన్న బిట్ ఉంది, నాకు చాలా ఇష్టం. బయటికి వెళ్తూ హోమ్స్ అలవాటుగా ఆ చెవుల టోపీ అందుకోబోతాడు. వద్దు, మాటిచ్చావు కదా అని వాట్సన్ గుర్తుచేస్తాడు. పాపం మామూలు టోపీ పెట్టుకుని వెళ్తాడు. అంటే 'పాత హోమ్స్' అనే బొమ్మ మీద జోకులేయడం 1942కే మొదలైపోయింది.

ఆ టోపీ కూడా డాయిల్ పెట్టింది కాదు, అది ఇంకో ముచ్చట. కథల్లో ప్రయాణాల్లో పెట్టుకునే టోపీ అని ఒకటి రెండు చోట్ల వస్తుంది, అంతే. దాన్ని వేటగాళ్ల టోపీగా బొమ్మ గీసి స్థిరపరిచింది 'స్ట్రాండ్' పత్రిక చిత్రకారుడు సిడ్నీ పాజెట్. మనం 'ఒరిజినల్' అనుకునే గెటప్‌లో సగం బొమ్మలవాళ్లదీ, నాటకాలవాళ్లదీ.

ఇక 2010 జులై 25. బీబీసీలో 'షెర్లాక్' మొదటి ఎపిసోడ్, 'ఎ స్టడీ ఇన్ పింక్'. సిరీస్‌ని సృష్టించినవాళ్లు స్టీవెన్ మోఫాట్, మార్క్ గాటిస్. ఇద్దరూ 'డాక్టర్ హూ' సీరియల్ పని మీద కార్డిఫ్‌కి రైల్లో వెళ్తూ వస్తూ మాట్లాడుకున్న ఐడియా ఇది. ఇద్దరూ ఆ రాత్‌బోన్ యుద్ధకాలం సినిమాలకి ఫ్యాన్స్.

వాళ్ల పని ఎంత ఈజీ అయిందో చూడండి. 1887 నవల్లో వాట్సన్ ఎవరు? ఆఫ్ఘనిస్తాన్ యుద్ధంలో, మైవాండ్ దగ్గర గాయపడి లండన్ తిరిగొచ్చిన మిలిటరీ డాక్టర్. 2010లో? మళ్లీ ఆఫ్ఘనిస్తాన్ యుద్ధమే. అక్షరం మార్చక్కర్లేదు. నవ్వాలో ఏడవాలో తెలియని సౌలభ్యం అది. పైగా డాయిల్ చేసిన ఒక పొరపాటుని కూడా వాడుకున్నారు. మొదటి నవల్లో వాట్సన్‌కి తూటా భుజంలో తగిలింది, రెండో నవలకి వచ్చేసరికి కాలికి మారింది. సిరీస్‌లో ఏం చేశారు? గాయం భుజానికే, కానీ కుంటుతుంటాడు, ఎందుకంటే ఆ కుంటడం మనసులోంచి వస్తోంది. నేను కోడ్ రాసే రోజుల్లో పాత బగ్‌నే ఫీచర్‌గా మార్చేసే సీనియర్లు ఉండేవాళ్లు. వాళ్లే గుర్తొచ్చారు.

ఇప్పుడు వాచీ దగ్గరికి వద్దాం. ట్యాక్సీలో కూర్చుని షెర్లాక్, జాన్ ఫోన్ గురించి చెప్తాడు. ఖరీదైన ఫోన్, ఒళ్లంతా గీతలు, తాళాలు చిల్లరతో కలిపి పడేసేవాడిది. వెనకాల చెక్కిన పేరు 'హ్యారీ వాట్సన్', ఇచ్చింది క్లారా, పక్కనే మూడు ముద్దు గుర్తులు. ఫోన్ కొత్త మోడల్, అప్పుడే తమ్ముడికి ఇచ్చేశాడంటే ఆ పెళ్లి బీటలు వారినట్టే. చార్జర్ గుచ్చే చోటు చుట్టూ గీతలు, రాత్రి చార్జింగ్ పెడుతుంటే చేతులు వణుకుతున్నాయి, అంటే తాగుడు. వాచీకి కీ ఇవ్వడం పోయి ఫోన్‌కి చార్జింగ్ వచ్చింది. రెండూ పడుకోబోయే ముందు చేసే పనే. ఇంత నీటుగా అతికిన మార్పు నేనింకోటి చూడలేదు.

కానీ రెండు చోట్ల మార్చారు. ఒకటి, హ్యారీ అన్న కాదు, అక్క. హ్యారియెట్. షెర్లాక్ 'మగవాడే' అని అనుకున్నాడు, తప్పాడు. ఇది మంచి చురక. రెండోది నాకు పెద్దదిగా అనిపిస్తుంది. 1890లో వాట్సన్ బాధపడ్డాడు, హోమ్స్ సారీ చెప్పాడు. 2010లో జాన్ బాధపడడు. అద్భుతం అంటాడు. షెర్లాక్ ఆశ్చర్యపోతాడు, మామూలుగా జనం నన్ను పొమ్మని తిడతారు అంటాడు. ఆ ఒక్క మెచ్చుకోలుకి మెత్తబడతాడు. గమనించారా? నొప్పి వాట్సన్ దగ్గర్నుంచి హోమ్స్ దగ్గరికి వచ్చేసింది. పుస్తకంలో ఆ సీన్ చచ్చిపోయిన అన్నయ్య గురించి. టీవీలో అది ఇన్నాళ్లూ ఎవరూ మెచ్చుకోని, ఒంటరిగా మిగిలిపోయిన ఒక తెలివైన కుర్రాడి గురించి.

ఇది ఆ ఒక్క సిరీస్ తిక్క కాదు, దీనికి కారణం ఉందని నా అభిప్రాయం. 1887లో హోమ్స్ పోలీసులకంటే ముందున్నాడు. స్కాట్లాండ్ యార్డ్‌లో వేలిముద్రల విభాగం వచ్చిందే 1901లో. అప్పటివరకు సిగరెట్ బూడిద, బూటు గుర్తులు, ప్యాంటు మీద మట్టి రంగు చూసి చెప్పగలిగే మనిషి ఉంటే వాడు మాంత్రికుడే. 'వీడికెలా తెలిసింది' అనే ప్రశ్నతోనే కథ నడిచిపోతుంది. ఈరోజు? డీఎన్ఏ ఉంది, సీసీటీవీ ఉంది, ఫోన్ లొకేషన్ ఉంది. ఇవన్నీ పోలీసుల దగ్గరే ఉన్నాయి. మా పాత ఆఫీసులో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎవరూ కళ్లు మూసుకుని తర్కించరు, ముందు లాగ్స్ తెరుస్తారు. జవాబు అందులోనే రాసుంటుంది. అలాంటి లోకంలో 'ఎలా తెలిసింది' అనే ప్రశ్నకి బలం తగ్గిపోయింది. రాసేవాళ్లు ఇంకో ప్రశ్న వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికింది ఇదే: వీడెందుకిలా ఉన్నాడు?

అమెరికాలో 2012లో మొదలైన 'ఎలిమెంటరీ' ఆ ప్రశ్నతోనే పుట్టింది. జానీ లీ మిల్లర్ హోమ్స్, న్యూయార్క్‌లో ఉంటాడు, అప్పుడే డ్రగ్స్ మానే సెంటర్ నుంచి బయటికొచ్చాడు. మళ్లీ జారిపోకుండా కనిపెట్టుకుని ఉండటానికి వాళ్ల నాన్న జీతమిచ్చి పెట్టిన మనిషే వాట్సన్. జోన్ వాట్సన్, ఒకప్పుడు సర్జన్, నటించింది లూసీ లూ. వాట్సన్‌ని ఆడమనిషిని చేశారని అప్పట్లో ఎంత గోల! కానీ పుస్తకాలు చూడండి. హోమ్స్ కొకైన్ వాడకంతోనే 'సైన్ ఆఫ్ ఫోర్' మొదలవుతుంది. అప్పట్లో అది మందుల షాపులో దొరికే సరుకు, నేరం కాదు. వాట్సన్ డాక్టర్‌గా తిడతాడు. తర్వాత 1904లో ఒక కథలో వాట్సన్ రెండు వాక్యాల్లో చెప్పేస్తాడు, ఆ అలవాటు నేనే ఏళ్ల తరబడి మెల్లగా మాన్పించాను, కానీ ఆ దెయ్యం నిద్రపోయిందే గానీ చావలేదు అని. అంతే, మళ్లీ కేసులో పడిపోతాడు. 'ఎలిమెంటరీ' ఆ రెండు వాక్యాలని పట్టుకుని 7 సీజన్లు, 154 ఎపిసోడ్లు తీసింది. టోపీ లేదు, లండన్ లేదు, అయినా వాట్సన్ అసలు ఉద్యోగం ఏంటో ఆ సిరీస్‌కే బాగా అర్థమైందంటాను. ఫ్యాన్స్ తిట్టుకోవచ్చు.

రాబర్ట్ డౌనీ జూనియర్ సినిమాల గురించి అడుగుతారని తెలుసు. 2009, 2011. ఫైట్లు బాగుంటాయి, పుస్తకంలో కూడా హోమ్స్ బాక్సింగ్ తెలిసినవాడే. ముందుకెళ్దాం.

వాచీ సీన్‌కి జోడీగా ఇంకో సీన్ చెప్పాలి. 1893లో డాయిల్ విసిగిపోయి హోమ్స్‌ని స్విట్జర్లాండ్‌లో రైఖెన్‌బాఖ్ జలపాతం దగ్గర చంపేశాడు. పదేళ్ల తర్వాత, 1903లో 'ది ఎంప్టీ హౌస్' కథతో తిరిగి తెచ్చాడు. కథలో మూడేళ్లుగా చనిపోయాడనుకున్న ఫ్రెండ్ మారువేషం తీసి ఎదురుగా నిలబడితే వాట్సన్ కళ్లు తిరిగి పడిపోతాడు. తేరుకుని? పట్టరాని సంతోషం. మూడేళ్లు నాకొక్క ముక్క ఎందుకు చెప్పలేదురా అని నిలదీయడు. ఆ రాత్రే తుపాకీ జేబులో వేసుకుని హోమ్స్ వెంట బయల్దేరతాడు.

2014 జనవరి 1న బీబీసీలో అదే సీన్. షెర్లాక్ రెస్టారెంట్‌లో వెయిటర్ వేషంలో వచ్చి సర్‌ప్రైజ్ ఇవ్వబోతాడు. జాన్ మీదపడి కొడతాడు. అక్కడితో ఆగడు, చోటు మారినా మళ్లీ కొడతాడు. నవ్వొస్తుంది, కానీ అడిగే ప్రశ్న న్యాయమైనదే. రెండేళ్లు నేనేమైపోతాననుకున్నావు? డాయిల్ 1903లో ఆ ప్రశ్న దాటేశాడు, ఆయన పాఠకులు హోమ్స్ తిరిగొచ్చిందే చాలనుకున్నారు. మన తరం దాన్ని దాటేయనివ్వదు. ఈ ఒక్క విషయంలో కొత్తవాళ్లు పాత కథని బాగుచేశారనే చెప్తాను.

మరి నష్టం లేదా? ఉంది. 'ఎందుకిలా ఉన్నాడు' అనే ప్రశ్నకి ఆకలెక్కువ. 2017లో బీబీసీ నాలుగో సీజన్‌కి వచ్చేసరికి హోమ్స్‌కి ఎవరికీ తెలియని చెల్లెలు, చిన్నప్పటి స్నేహితుడి చావు, మర్చిపోయిన జ్ఞాపకాలు. కేసు ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి వాళ్లింటికే చేరుతుంది. హోమ్స్ దగ్గరికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కష్టం చెప్పుకోడానికి మెట్లెక్కి రావడం అనేది ఆ కథలకి ప్రాణం. ఒక టైపిస్టు, ఒక పిల్లల టీచరమ్మ, ఒక తాకట్టు కొట్టు ఓనరు. ఆ మనుషులు మాయమైపోయారు. అది నాకు బాధ.

మన దగ్గర కూడా ఈ గాలి తగిలింది. 1986లో జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్'లో చిరంజీవి డిటెక్టివ్ అంటే ప్రధానంగా నవ్వులు. 2019లో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరులో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ బోర్డు పెట్టుకున్న కుర్రాడూ నవ్విస్తాడు, కానీ అమ్మ చావు కథ మధ్యలోకి వచ్చాక సినిమా బరువే మారిపోతుంది. 2024 డిసెంబర్‌లో అయితే 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్' అని పేరే పెట్టేశారు. ఆ పేరు వాడటానికి లండన్ నుంచి పర్మిషన్ అక్కర్లేదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. ఇప్పుడు అక్కర్లేదు. కానీ మొన్నమొన్నటిదాకా అమెరికాలో ఇదే పెద్ద కోర్టు గొడవ. ఈ ఎపిసోడ్ చేయాలనిపించిందే ఆ గొడవ చదివాక.

డాయిల్ 1930లో చనిపోయాడు. రాసింది 4 నవలలు, 56 కథలు. అమెరికాలో కాపీరైట్ లెక్క అచ్చయిన ఏడాదిని బట్టి నడిచింది. 1923కి ముందువి అందరివీ అయిపోయాయి, చివరి పది కథలు మాత్రం డాయిల్ ఎస్టేట్ చేతిలో మిగిలాయి. లెస్లీ క్లింగర్ అనే ఎడిటర్, హోమ్స్ మీద కొత్త కథల పుస్తకానికి ఎస్టేట్ లైసెన్స్ ఫీజు అడిగితే కోర్టుకెళ్లాడు. పది కథలు మాది కాబట్టి పాత్ర మొత్తం మాదేనని ఎస్టేట్ వాదన. 2014లో అప్పీలు కోర్టు కుదరదంది, పాత కథల్లో ఉన్న హోమ్స్ అందరివాడని తేల్చింది.

సరే అయిపోయిందనుకుంటే, 2020 జూన్‌లో ఇంకో కేసు. నెట్‌ఫ్లిక్స్ 'ఎనోలా హోమ్స్' మీద, ఆ నవలలు రాసిన నాన్సీ స్ప్రింగర్ మీద. ఈసారి వాదన వినండి. పాత కథల్లో హోమ్స్ చల్లని మనిషి, మెదడు తప్ప ఏమీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో డాయిల్ కొడుకు కింగ్‌స్లీ పోయాడు, కొద్ది నెలల్లోనే తమ్ముడు ఇన్నెస్ పోయాడు. ఆ తర్వాతే రచయిత రాతలో హోమ్స్‌కి మనుషుల మీద ప్రేమ, దయ వచ్చాయి. అవి ఉన్నది మా పది కథల్లో. మీ సినిమాలో హోమ్స్ చెల్లెలి మీద ఆప్యాయత చూపిస్తున్నాడు, కాబట్టి మా ఆస్తి వాడారు. అంటే సింపుల్‌గా, హోమ్స్ తెలివి ఫ్రీ, హోమ్స్ మనసుకి మాత్రం డబ్బు కట్టండి! డిసెంబర్ నాటికి ఆ కేసు తీర్పు లేకుండానే ముగిసింది. 2023 జనవరి 1తో చివరి కథలు కూడా అందరివీ అయ్యాయి.

ఆ వాదన పూర్తిగా నిజం కాదు, వాచీ సీన్‌లో సారీ చెప్పిన హోమ్స్ 1890 నాటివాడు కదా. పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ పది కథల్లో 'ది త్రీ గారిడెబ్స్' ఒకటి, ఇందాక టెలిఫోన్ డైరెక్టరీ ఉందని చెప్పానే, అదే. చివర్లో ఒక దొంగ రెండుసార్లు కాలుస్తాడు. ఒక తూటా వాట్సన్ తొడకి తగులుతుంది. హోమ్స్ వాణ్ని పడగొట్టి, వాట్సన్‌ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, దెబ్బ తగల్లేదు కదా, తగల్లేదని చెప్పు అని బతిమాలతాడు. ఆ గట్టి పెదవులు వణుకుతాయి. ఈ ఒక్క క్షణం చూడ్డానికి ఎన్ని గాయాలైనా పడొచ్చు అనుకుంటాడు వాట్సన్. హోమ్స్ జేబు కత్తితో ప్యాంటు చింపి చూస్తాడు, పైపైన గాయమే. అప్పుడు దొంగవైపు తిరిగి చెప్తాడు, నా వాట్సన్ చచ్చిపోయి ఉంటే నువ్వీ గదిలోంచి ప్రాణంతో బయటికి వెళ్లేవాడివి కాదు అని.

ఇదంతా అర పేజీ కూడా ఉండదు. ఆ వెంటనే, ఇప్పుడు చెప్పు, ఈ ఇంట్లోకి ఎందుకొచ్చావు అని కేసులోకి వెళ్లిపోతాడు.

కథ ఇంటర్నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, అరగంటలో అయిపోతుంది. చదివి మీకేమనిపించిందో చెప్పండి. ఉంటాను మరి.